కౌశల్ ఫొటోకు అద్దం

నాచారం,
16 జూన్ 2025

ప్రియమైన మీకు,

కొట్టు తెరిచాను. మీరు వద్దన్నారు, అయినా తెరిచాను. నాలుగు నెలలు షట్టర్ దించి ఉండేసరికి దాని ముందు ఎవరో పానీపూరీ బండి పెట్టుకున్నారు. పక్కకు జరగమని రెండు రోజులు బతిమాలి, మూడో రోజు షట్టర్ ఎత్తాను. లోపల చెద పట్టలేదు. ఫ్రేము కర్రలు మీరు నిలబెట్టినవి నిలబెట్టినట్టే ఉన్నాయి. ఆ రంపపు పొట్టు వాసనకి పని మొదలుపెట్టలేక కాసేపు మీ స్టూలు మీద కూర్చుండిపోయాను.

దేవుడి పటాలు, పిల్లల సర్టిఫికెట్లు, ఇలాంటి చిన్న పనులు వస్తున్నాయి. కర్ర కోయడం, మూలలు కలపడం ధైర్యంగానే చేస్తున్నాను. పదహారేళ్ళు మీ పక్కన నిలబడి చూసిన పనే కదా. గ్లాసు దగ్గరికి వచ్చేసరికి మాత్రం నాకేమీ తెలియదని తెలిసింది. అది ఎప్పుడూ మీరే చూసుకునేవారు, నన్ను చెయ్యి పెట్టనిచ్చేవారు కాదు.

మొన్న శనివారం ఒకావిడ వచ్చారు. అరవై దగ్గర ఉంటాయి. మాట గోదావరి వైపు మాట. పెద్ద ఫొటో, పదహారు ఇరవై అంగుళాల సైజు, కొత్తగా ప్రింటు వేయించి గొట్టంలో పెట్టి తెచ్చారు. నేనే అంచులు పట్టుకుని ఎత్తి బల్ల మీద పరిచాను. వాళ్ళబ్బాయిది. ఇప్పుడు లేడట. ఏదో మాటకి పగలబడి నవ్వుతున్నాడు, కళ్ళు రెండూ మూసుకుపోయాయి. కళ్ళు మూసుకున్న ఫొటో ఎవరైనా వద్దంటారు కదా. నేను అలా చూడడం గమనించి, "నవ్వితే వాడికి కళ్ళు కనపడవమ్మా, వాడంటే అదే" అన్నారు.

ఏ గ్లాసు వేస్తావని అడిగారు. మామూలుదే అన్నాను. "మా హాల్లో పడమటి కిటికీకి ఎదురుగా ఒక్క గోడే ఖాళీ ఉంది. సాయంత్రం ఎండ నేరుగా పడుతుంది. రంగు వెలిసిపోకుండా ఏది కాపాడుతుందో కనుక్కుని చెప్పమ్మా, తొందరేం లేదు" అన్నారు. వారంలో చెప్తానన్నాను. మీరు చెప్పాలి. జైలు ఫోనులో మీకిచ్చే నాలుగు నిమిషాలు మన ధనశ్రీ చదువు సంగతులకే సరిపోవు. ములాఖత్‌లో ఇనప జాలీకి అటూ ఇటూ పదిమంది అరుపుల మధ్య నాకు మీ మాట సగం వినపడదు. అందుకే రాస్తున్నాను. వివరంగా రాయండి.

మీ
విజయ

*

చర్లపల్లి,
24 జూన్ 2025

ప్రియమైన విజయకు,

కొట్టు తెరిచావని చదివి ముందు కోపం వచ్చింది. తరవాత ఆ కాగితాన్ని బ్యారక్‌లో ఇద్దరికి చదివి వినిపించాను.

ఆవిడకి మామూలు గ్లాసు వేయకు. ఎండలో రంగుని తినేసే భాగం ఒకటి ఉంటుంది, మన కంటికి కనపడదు. మామూలు గ్లాసు దాన్ని చాలావరకు లోపలికి వదిలేస్తుంది. ఐదారేళ్ళలో మొహం పాలిపోతుంది. దాన్ని ఆపే పూత ఉన్న గ్లాసు వస్తుంది, యూవీ గ్లాసంటారు. మన దగ్గర స్టాకు లేదు, ఆర్డరు పెట్టాలి. నాన్-గ్లేర్ అని ఇంకోటుంది, ఒకవైపు కాస్త గరుగ్గా ఉంటుంది. వెలుతురు మెరవదు కదా అని అందరూ అదే అడుగుతారు. కానీ ఫొటోకి కొంచెం ఎడంగా పెడితే బొమ్మ మంచు పట్టినట్టు మసకబారుతుంది. ఎడం పెట్టకుండానూ కుదరదు. ఇది మాత్రం గుర్తుపెట్టుకో: ఏ గ్లాసైనా ఫొటోకి ఆనకూడదు. వానాకాలం చెమ్మకి ఫొటో గ్లాసుకి అతుక్కుంటే మళ్ళీ ఊడదు, లాగితే మొహమే లేచి వస్తుంది. మధ్యలో ఫొటో చుట్టూ మందపాటి మౌంటు అట్ట పెట్టు. ఫొటోని అంచులు పట్టుకునే ఎత్తు, వేలు లోపల పడనీయకు.

వీలైతే ఆ గోడే మార్చుకోమని చెప్పు. ఎంత మంచి గ్లాసైనా ఎండని పూర్తిగా ఆపలేదు.

మన ట్రాలీ ఆటోలోంచి గ్లాసు షీట్లు ఒరిగి ఆ పిల్లాడి మీద పడిన రోజు నుంచి నేను గ్లాసు గురించి ఇంతసేపు ఆలోచించడం ఇదే మొదలు.

వకీలు పరంధామయ్య గారు వచ్చి వెళ్ళారు. హైకోర్టులో మన పిటిషన్ ఆగస్టులో విచారణకి వస్తుందట. పిల్లాడే ఎడమవైపు నుంచి మీదకి వచ్చాడన్న మాట మీద గట్టిగా నిలబడితే ఏడాది శిక్షలో మిగిలింది తగ్గిస్తారని ఆయన నమ్మకం. దసరాకి ఇంట్లో ఉంటానేమో. ధనశ్రీకి చెప్పు. లేదా అప్పుడే చెప్పకు.

నీ
గిరి

*

నాచారం,
3 జులై 2025

ప్రియమైన మీకు,

ఆవిడ మళ్ళీ వచ్చారు. మీరు చెప్పిన మూడు రకాల గ్లాసు ముక్కలు బల్ల మీద పరిచి పెట్టాను, యూవీది నమూనా ముక్క తెప్పించాను. ఆవిడ ఏదీ ముట్టుకోలేదు. నేనే నాన్-గ్లేర్ ముక్క ఫొటో మీద పెట్టి, మౌంటు మందం ఎంతో చూపిద్దామని కొంచెం పైకెత్తాను. అబ్బాయి మొహం నిజంగానే మసకబారింది. ఆవిడ నా చెయ్యి గట్టిగా పట్టుకుని ఆపేశారు.

"అది తీసెయ్యమ్మా. ఇవేవీ వద్దు. పగిలేది ఏదీ మావాడి మొహం మీద వెయ్యను."

"మరి ఉత్తగనే పెడితే దుమ్ము పడ్తదమ్మా" అన్నాను.

"గాజు కానిది ఏదైనా ఉంటే చూడు" అన్నారు. మన కొట్టంతా చూస్తూ కూర్చున్నారు. గోడ వైపు, కర్రల వైపు, మీ రంపం వైపు. మంచినీళ్ళు ఇస్తే తాగారు. మొన్న మే నెలకి మూడేళ్ళయిందట.

ఇంకొకటి కూడా చెప్పారు. ఫొటో గోడకి పెట్టడం వాళ్ళాయనకి ఇష్టం లేదు. మేకు కొట్టనివ్వడం లేదు. షోకేసులో కూడా పాత ఫొటోలు ఉంచనివ్వలేదట, అన్నీ బీరువాలో దాచేశారు. "అయినా నువ్వు చెయ్యి. ఎప్పటికైనా పెడతాను" అన్నారు.

గాజు కానిది ఏముంటుందో రాయండి. ధనశ్రీ బాగుంది. మీ నీలం చొక్కాలు రెండూ ఎండలో వేసి మడతపెట్టాను.

మీ
విజయ

*

చర్లపల్లి,
9 జులై 2025

విజయా,

ఆవిడ ఎక్కడుంటారు? హెచ్‌ఎంటీ నగరా? పేరు శ్యామలాదేవా?

కోర్టు కాగితాల్లో ఆ పేరు చదివాను. మనిషిని ఎప్పుడూ చూడలేదు. నువ్వు చూశావు, మొదటి వాయిదా రోజు వరండాలో. ఆ సంగతి నువ్వే చెప్పావు నాకు.

నాకు నిజం రాయి. ఆ ఫొటోలో ఉన్నది కౌశలేనా? అయితే ఆ పని మనం చేయొద్దు. ఫొటో తిరిగి ఇచ్చెయ్. ఏఎస్ రావు నగర్‌లో మంచి ఫ్రేము కొట్లున్నాయి, అక్కడికి పంపించు. నేను చంపిన పిల్లాడి ఫొటోకి నేనే ఎలా చెప్పను, ఇది వెయ్యి, అది వెయ్యొద్దు అని?

మూడు రోజులుగా అన్నం సయించడం లేదు. వెంటనే రాయి.

గిరి

*

నాచారం,
15 జులై 2025

ప్రియమైన మీకు,

కౌశలే. ఆవిడ మొదటిరోజు మెట్టెక్కుతుండగానే పోల్చుకున్నాను. ఆవిడకీ నేనెవరో తెలుసు. తెలిసే వచ్చారు. ఇద్దరం తెలియనట్టే గ్లాసు గురించి మాట్లాడుకున్నాం. మీకు చెప్పలేదు, ఎందుకంటే చెబితే మీరు ఇప్పుడు రాసినట్టే రాస్తారు. ఆ ఫొటోకి మంచిది వెయ్యాలని ఉంది నాకు. నేను చేయగలిగింది అదొక్కటే అనిపించింది. ఎలాగూ రెండో ఉత్తరంలో సరిగా దాచలేకపోయాను.

మొన్న ఆదివారం ఆవిడ మూడోసారి వచ్చారు. ఈసారి నటించలేదు. కూర్చోగానే చెప్పారు.

"నాలుగు నెలలు మీ షట్టర్ మూసి ఉంటే ఈ దారిన వెళ్తూ చూసి సంతోషించేదాన్ని. తెరిచావని తెలిసి ఒళ్ళు మండింది. నీ మొహం మీదే తిడదామని వచ్చాను. ఫొటో ఊరికే, వంకకి తెచ్చాను. నువ్వు దాన్ని అంచులు పట్టుకుని ఎత్తావు చూడు, అప్పుడు తిట్టలేకపోయాను."

నేను ఆవిడ కాళ్ళ దగ్గర కూర్చున్నాను. లేవమన్నారు.

"నాకు నీ ఏడుపు వద్దమ్మా. ఒకటి కావాలి. మీ ఆయన కోర్టులో, మావాడే ఎడమవైపు నుంచి మీదకొచ్చాడని చెప్పాడు. రెండు కోర్టుల్లోనూ అదే మాట. మావారు ఆ మాట నమ్మేశారు. వాడి స్పీడే వాడిని చంపిందని ఆయన నమ్మకం. వాడి పేరెత్తితే లేచి వెళ్ళిపోతారు. సంవత్సరీకం కూడా ఏదో పనిలా చేయించారు. నేను కన్నాను, వాడు అలా నడిపేవాడు కాదని నాకు తెలుసు. కానీ నేను అక్కడ లేను. మీ ఆయన ఉన్నాడు. నిజం ఏంటో అడిగి చెప్పు."

"నాకు ఎర్కలేదమ్మా, నేనెన్నడు అడగలే" అన్నాను.

"మూడేళ్ళలో అడగలేదా?" అన్నారు.

నిజంగానే అడగలేదు. మీరు ఆ రోజు రక్తం చొక్కాతో ఇంటికి వచ్చి "ఎడమవైపు నుంచి వచ్చిండు విజయా" అన్నారు. నేను దాన్నే పట్టుకుని బతికాను. ఇప్పుడు అడుగుతున్నాను. వకీలు గారి కోసం కాదు, నాకోసం కూడా కాదు. ఏం జరిగింది?

మీ
విజయ

*

చర్లపల్లి,
21 జులై 2025

ప్రియమైన విజయకు,

ఈ ఉత్తరం జైలు ఆఫీసులో చదివాకే బయటికి వస్తుంది. చదవనీ.

ఆ రోజు బోడుప్పల్ ఫంక్షన్ హాలు వాళ్ళకి పన్నెండు ఫ్రేములు సాయంత్రంలోగా ఇస్తానని ఒప్పుకున్నాను. ఉప్పల్ గోడౌన్‌లో ఆరు షీట్లు తీసుకున్నాను. షీట్లు నిలబెట్టే చెక్క స్టాండు కొట్లోనే ఉంది. దాని మీద కొత్తగా వచ్చిన కర్రలు పేర్చి ఉన్నాయి, తీయడానికి బద్ధకించి వదిలేశాను. గోడౌన్ వాళ్ళు "స్టాండ్ లేకుంటే ఎట్ల తీస్కపోతవన్నా" అన్నారు. పది నిమిషాల దారే కదా అని షీట్లని బండి ఎడమ పక్కకి ఆనించి, రెండు గోనెలు అడ్డుపెట్టి, ఒకే తాడు కట్టాను.

ఇండస్ట్రియల్ ఏరియా లోపలి రోడ్డులోకి తిరిగాక వెనక స్కూటీ హారన్ వినిపించింది. దారి అడుగుతున్నాడనుకున్నాను. ఇవ్వలేదు. అతను ఎడమవైపుకి వచ్చి, నా కిటికీ పక్కకి చేరి, హెల్మెట్ అద్దం పైకెత్తాడు. "అన్నా, వెనక గ్లాసులు జారుతున్నయ్. జర ఆపన్నా" అన్నాడు.

విన్నాను విజయా. ప్రతి అక్షరం వినపడింది. కోపంగా అనలేదు. రోడ్డు మీద ఎవరి బండి స్టాండు తీయకపోతే మనం చెప్తామే, అలా చెప్పాడు.

నేను "ఏం గాదు తమ్మీ, నువ్ పో" అన్నాను.

అతను వెళ్ళిపోవచ్చు. ముందు రోడ్డంతా ఖాళీగా ఉంది. వెళ్ళలేదు. కొంచెం వెనక్కి తగ్గాడు. అద్దంలో చూస్తే, ఒక చెయ్యి చాచి జారుతున్న షీటు అంచుని లోపలికి నెడుతూ బండి పక్కనే వస్తున్నాడు. అప్పుడు భయం వేసింది నాకు. ఆపాలని బ్రేకు మీద బలంగా కాలేశాను. తాడు ఊడిపోయింది. ఆరు షీట్లూ ఎడమవైపుకే ఒరిగాయి.

మొదటి మాటకే ఆపి ఉంటే అతను దిగి నాతోపాటు తాడు కట్టేవాడు. అలాంటి పిల్లాడు.

పోలీసులు అడిగినప్పుడు ఎడమవైపు నుంచి వచ్చాడని మాత్రం చెప్పాను. అది అబద్ధం కాదు, వచ్చాడు. ఎందుకు వచ్చాడో చెప్పలేదు. వకీలు గారు ఆ సగం మాట మీదే కేసంతా నిలబెట్టారు. మిగతా సగం ఆయనకి కూడా తెలియదు. నీకూ చెప్పలేదు. రోజు గడిచేకొద్దీ చెప్పడం ఇంకా కష్టమైంది.

ఈ ఉత్తరం ఆవిడకి ఇచ్చెయ్. వాళ్ళిద్దరూ చదవాలి. క్షమించమని నా తరఫున అడగొద్దు. పరంధామయ్య గారికి నేను వేరే రాశాను, ఆ పిటిషన్ వెనక్కి తీసుకోమని.

గాజు కానిది అంటే యాక్రిలిక్ షీటు. పగలదు, బరువు సగమే. ఎండని ఆపే రకం కూడా దొరుకుతుంది, అదే అడుగు. రెండువైపులా పల్చటి కవరు అంటించి వస్తుంది, చివరి నిమిషం దాకా తీయకు. తీయగానే చుట్టూ ఉన్న దుమ్మంతా లాక్కుంటుంది, అందుకే ఫ్యాను ఆపి, బల్ల తడిగుడ్డతో తుడిచి పని మొదలుపెట్టు. తొందరగా గీతలు పడుతుంది. పొడిగుడ్డతో రుద్దొద్దని, గ్లాసు తుడిచే మందు వాడొద్దని, మెత్తటి తడిగుడ్డ ఒక్కటే వాడాలని ఆవిడకి చెప్పు. పదహారు ఇరవై అంగుళాలే కాబట్టి వంగదు. వెనకాల మన కొట్టు స్టిక్కరు అంటించకు.

గిరి

*

నాచారం,
11 ఆగస్టు 2025

మీకు,

యాక్రిలిక్ షీటు రావడానికి పది రోజులు పట్టింది. మీరు రాసినట్టే ఫ్యాను ఆపి, చెమటలు కక్కుతూ చేశాను. ఒక్క నలక కూడా లోపల పడలేదు. స్టిక్కరు అంటించలేదు. మీ ఉత్తరం మాత్రం అందిన రోజే ఆవిడకి ఇవ్వాల్సింది. ఇవ్వలేకపోయాను. పది రోజులూ బ్యాగులో పెట్టుకుని తిరిగాను. ఫ్రేముతోపాటు నిన్న తీసుకెళ్ళాను.

హెచ్‌ఎంటీ నగర్‌లో మూడో అంతస్తు. తలుపు ఆయనే తీశారు. అచ్యుతరావు గారు, ఎలక్ట్రానిక్స్ ఫ్యాక్టరీలో రిటైరయ్యారు. నేనెవరో ఆవిడ ముందే చెప్పినట్టున్నారు. లోపలికి రమ్మనలేదు, వద్దనలేదు. పక్కకి జరిగారు. ఆవిడ ఉత్తరం విప్పి చూసి, "నాకు అక్షరాలు ఆనడం లేదు, నువ్వే చదువు" అని నా చేతికి ఇచ్చారు.

చదివాను. మొదటి నుంచి, ఏదీ వదలకుండా. ఆయన మాకు వీపు పెట్టి కిటికీ దగ్గర నిలబడ్డారు. కౌశల్ మాట దగ్గరికి వచ్చినప్పుడు ఇటు తిరిగారు.

"ఏమన్నాడూ? మళ్ళీ చదువు."

"అన్నా, వెనక గ్లాసులు జారుతున్నయ్. జర ఆపన్నా."

"మళ్ళీ."

మూడుసార్లు చదివించారు. తరవాత అక్కడే నేల మీద కూర్చుండిపోయారు. ఆ వయసులో ఆయన అలా కూలబడడం చూసి ఇద్దరం పరుగెత్తాం. చెయ్యి విదిలించేశారు.

"బండి నేనే కొనిచ్చాను. స్పీడుగా పోవద్దని రోజూ చెప్పేవాణ్ణి. ఆ రోజు పొద్దున్న కూడా తిట్టే పంపించాను. మూడేళ్ళుగా వాడి మీద కోపంతో ఉన్నాను శ్యామలా. చచ్చిపోయినవాడి మీద. వాడి ఫొటో చూస్తే తిట్టబుద్ధయ్యేది నాకు."

ఆవిడ ఆయన పక్కన కూర్చుని, తల తన భుజానికి ఆనించుకున్నారు. ఆయన ఏడుపు చాలాసేపు ఆగలేదు. నేను వెళ్ళిపోదామని చెప్పులు వేసుకుంటుంటే ఆయనే పిలిచారు.

"మీ ఆయనకి రాయి. మావాడు ఆపమన్నప్పుడు ఆపలేదు, అది ఒకటి. దాని తరవాత మూడేళ్ళు నన్ను వాడితో శత్రుత్వం పెట్టుకోనిచ్చాడు, అది రెండు. మొదటిది పొరపాటు అనుకుంటాను ఎప్పటికైనా. రెండోది అనుకోలేను."

రాయమన్నారు కాబట్టి ఉన్నదున్నట్టు రాశాను.

ఫొటో ఆయనే పెట్టారు. ఎండ పడే గోడకి కాదు, భోజనాల బల్ల పక్కన నీడ గోడకి. డ్రిల్లు రెండుసార్లు పక్కకి జారి సిమెంటు రాలింది, నన్ను సాయం రానివ్వలేదు. ఉత్తరం వాళ్ళే ఉంచుకున్నారు. ఆవిడ లిఫ్టు దాకా వచ్చి నా భుజం మీద చెయ్యి వేశారు. "మళ్ళీ రాకమ్మా. నువ్వు మంచిదానివే. కానీ నిన్ను చూస్తే నాకు ఆ రోజే కనపడుతుంది" అన్నారు. సరేనన్నాను.

పరంధామయ్య గారు కొట్టుకి వచ్చి చాలా మాటలన్నారు. పిటిషన్ వెనక్కి తీసుకున్నారు. దసరా లేదు. ఫిబ్రవరి దాకా అక్కడే మీరు.

ఇక నా సంగతి. మీ మీద నాకు ఎంత కోపం ఉందో నాకే ఇంకా అందడం లేదు. ఈ నెల ములాఖత్‌కి రాను. వచ్చే నెల వస్తానేమో. ఆ జాలీకి ఇవతల నిలబడి ఏం మాట్లాడాలో తెలిశాక వస్తాను.

కానీ మిమ్మల్ని ఒక్కరినే అని ఊరుకోలేను. ఈ మూడేళ్ళు ఎవరు అడిగినా "మా ఆయన తప్పు లేదు, ఆ పొల్లగాడే మీదికి అచ్చిండు" అని చెప్పింది నేను. కూరగాయల దగ్గర చెప్పాను, ధనశ్రీ స్కూల్లో చెప్పాను, పెళ్ళిళ్ళలో చెప్పాను. అడగనివాళ్ళకి కూడా చెప్పాను. నాచారంలో సగం మంది కౌశల్‌ని నా నోటితోనే ఎరుగుదురు.

నిన్న రాగానే ముందు ధనశ్రీకి చెప్పాను. కంచం ముందు నుంచి లేచి వెళ్ళిపోయింది. పొద్దున్న వచ్చి, "మా ఫ్రెండ్స్‌కు నేను జెప్త, నువ్ రాకు" అంది. ఇవాళ మధ్యాహ్నం కొట్టు మూసి పక్కింటి శారదమ్మ గారి దగ్గరికి వెళ్ళాను. ఆవిడ విని, "ఇప్పుడు జెప్పి ఏం లాభం విజయా, ఊకోరాదు" అన్నారు. ఊరుకోలేదు. ఆ పిల్లాడు ఏమని పిలిచాడో, చెయ్యి ఎలా చాచాడో అంతా చెప్పాను. అక్కడి నుంచి మంగతాయారు టీచరు గారింటికి వెళ్ళాను. తరవాత ఇస్త్రీ బండి అతనికి చెప్పాను. అతను పెట్టె పక్కన పెట్టి, బొగ్గులు చల్లారేదాకా విన్నాడు.

రేపు మల్లాపూర్ వైపు వెళ్తాను, అక్కడా నేను ఆ మాట చెప్పిన ఇళ్ళున్నాయి.

విజయ